ఇంటి సర్వర్‌లో అరిగిన బూట్ డ్రైవ్‌ను నడుస్తుండగానే మార్చడం

ప్రాక్స్‌మాక్స్ (ఒకే యంత్రం మీద చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వెబ్ పేజీలో ఎడమ పక్క నోడ్, అంటే సర్వర్ పేరు నొక్కి డిస్క్స్ తెరిస్తే, ప్రతి డ్రైవ్ ఎదురుగా వేరౌట్, అంటే అరుగుదల అనే గడి ఉంటుంది. సర్వర్ పెట్టిన కొత్తలో చూసి చాలామంది మళ్లీ అటువైపు వెళ్లరు. మా ఇంటి సర్వర్‌లో బూట్ డ్రైవ్ ఎదురుగా ఆ అంకె 90 శాతం దాటింది. డ్రైవ్ మాత్రం బాగానే నడుస్తోంది, ఒక్క ఎర్రర్ లేదు. మార్చడానికి అసలైన అదను అదే. డ్రైవ్ పూర్తిగా పోయాక మారిస్తే అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి. అది పని చేస్తుండగానే మారిస్తే కొత్తదాన్ని పక్కన పెట్టి, మొత్తం కాపీ అయ్యాక పాతదాన్ని తీసేస్తే సరిపోతుంది. నేను రాస్తున్నది ఈ రెండో పద్ధతి గురించే.

మాది నల్గొండ. సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆఫీసు మినీ టవర్. 256 జీబీ ఎన్‌వీఎంఈ (మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే ఎస్‌ఎస్‌డీ) మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో ప్రాక్స్‌మాక్స్ ఉంది, డేటాకు విడిగా రెండు సాటా హార్డ్ డిస్కులు ఉన్నాయి. ఇంట్లో అందరి ఫొటోలూ ఇమ్మిచ్ అనే ఫొటోల యాప్‌లో ఉంటాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా చిన్నాన్న లెక్కలు కూడా ఇందులోనే, ఒక విండోస్ వర్చువల్ మెషీన్‌లోని ట్యాలీలో ఉంటాయి. ఆయన అక్కడి నుంచే రిమోట్‌గా తెరుచుకుంటాడు. అందుకే నాకు నచ్చిన రోజు సర్వర్ ఆపడం కుదరదు. డ్రైవ్ మార్చాలని చెప్పినప్పుడు యాసంగి వడ్లు వచ్చే సీజన్. "వడ్లు దిగేటప్పుడు దాని జోలికి పోకు కొడుకా, లోడ్లు అయిపోయినంక నీ ఇష్టం" అన్నాడు. మీ సర్వర్ మీద ఎవరి పని ఆధారపడి ఉన్నా, ముందు వాళ్లను అడిగి రోజు ఖాయం చేసుకోండి. డ్రైవ్ నడుస్తుండగానే మొదలుపెడితే అలా కొన్ని వారాలు ఆగే వీలు ఉంటుంది.

అరుగుదల అంకెలు

వేరౌట్ గడి ఒక్కటీ చూసి నిర్ణయం తీసుకోకండి. షెల్ తెరిచి, డ్రైవ్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో పూర్తి రిపోర్ట్ తీయండి. ఎన్‌వీఎంఈ డ్రైవ్ అయితే అందులో పర్సెంటేజ్ యూజ్డ్ అనే లైన్ ఉంటుంది. కొత్త డ్రైవ్‌కు అది 0, వాడేకొద్దీ పెరుగుతుంది. 100 దాటి కూడా పోతుంది. 100 చేరిన రోజే డ్రైవ్ ఆగిపోతుందని కాదు, కంపెనీ వేసిన అంచనా మేరకు రాతలు అయిపోయాయని అర్థం. సాటా ఎస్‌ఎస్‌డీలలో మాత్రం చాలా కంపెనీలు 100 నుంచి కిందికి లెక్కపెడతాయి. ఒకదానిలో 95 అంటే దాదాపు కొత్తది, ఇంకోదానిలో 95 అంటే దాదాపు అయిపోయింది. ఏ లైన్ చదువుతున్నారో పేరు చూసి చదవండి.

పర్సెంటేజ్ యూజ్డ్ లైన్‌కు పైనే అవైలబుల్ స్పేర్ ఉంటుంది. పాడైన బ్లాకుల బదులు వాడుకోవడానికి డ్రైవ్ దాచుకున్న నిల్వ అది. 100 దగ్గర మొదలై తగ్గుతుంది, దాని పక్కనే ఇచ్చిన హద్దు కన్నా కిందికి పోతే ఇక ఆలోచించేది లేదు, ఆ రోజే మార్చాలి. మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్ 0 ఉండాలి. అన్‌సేఫ్ షట్‌డౌన్స్ కూడా చూడండి. మన దగ్గర వేసవిలో, గాలివానలప్పుడు కరెంటు ఎన్నిసార్లు పోయిందో, ఇన్వర్టర్ ఎన్నిసార్లు అందుకోలేదో ఆ అంకె చెప్పేస్తుంది.

డేటా యూనిట్స్ రిటెన్ అంటే ఇప్పటిదాకా రాసిన మొత్తం. ఒక యూనిట్ 5,12,000 బైట్లు. అంటే 10 లక్షల యూనిట్లకు 512 జీబీ. దీన్ని పవర్ ఆన్ గంటలతో భాగించి 24తో గుణిస్తే రోజుకు ఎంత రాస్తోందో తెలుస్తుంది. కొత్త డ్రైవ్ కొనేటప్పుడు ఈ అంకె చాలా ఉపయోగపడుతుంది కాబట్టి ఒక చోట రాసి పెట్టుకోండి.

ఇంట్లో ఎవరూ ఏమీ చేయకపోయినా ఇంత రాత ఎక్కడిదని అనిపిస్తుంది. ప్రాక్స్‌మాక్స్ తన సెట్టింగులను ఒక చిన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెట్టుకుని పదే పదే రాస్తుంది. గ్రాఫుల కోసం అంకెలు రాస్తుంది, లాగ్‌లు రాస్తుంది. ఇవన్నీ చిన్న చిన్న రాతలే, కానీ చాలావరకు వెంటనే డిస్క్ మీదికి చేరాల్సినవి. ఫ్లాష్ మెమరీ పలక లాంటిది, కాకపోతే ఒక అక్షరం దిద్దాలన్నా పలకంతా తుడిచి మళ్లీ రాయాలి. నాలుగు కిలోబైట్లు మార్చడానికి లోపల అంతకు చాలా రెట్లు రాయాల్సి వస్తుంది. చవక డ్రైవ్‌లు ఇక్కడే అరిగిపోతాయి.

ఏ డ్రైవ్ కొనాలి

ఈ పనిలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే, అందుకే కాస్త నిదానంగా చూడండి. వేగం మీకు అవసరం లేదు. బూట్ డ్రైవ్‌కు సెకనుకు 7,000 ఎంబీ వచ్చినా 500 ఎంబీ వచ్చినా తేడా కనపడదు. చూడాల్సింది టీబీడబ్ల్యూ, అంటే మొత్తం మీద ఎన్ని టెరాబైట్లు రాయవచ్చో కంపెనీ ఇచ్చే హామీ. 500 జీబీ సైజులోనే క్రూషియల్ పీ3కి 110 టీబీడబ్ల్యూ, శాంసంగ్ 980కి 300 టీబీడబ్ల్యూ. మొదటిది ఒక్కో గడిలో నాలుగు బిట్లు ఇరికించే క్యూఎల్‌సీ, రెండోది మూడు బిట్లు పెట్టే టీఎల్‌సీ. మీ సర్వర్ రోజుకు 100 జీబీ రాస్తోందనుకోండి, ఏడాదికి 36.5 టీబీ. మొదటి దానికి మూడేళ్లు, రెండో దానికి ఎనిమిదేళ్లు. ల్యాప్‌టాప్‌కు క్యూఎల్‌సీ ఫర్వాలేదు కానీ ప్రాక్స్‌మాక్స్ బూట్‌కు నేను ఎవరికీ చెప్పను.

ఇంకా మంచిది పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న డ్రైవ్. దాని బోర్డు మీద చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు హఠాత్తుగా పోయినా, చేతిలో ఉన్న డేటాను ఫ్లాష్‌లోకి రాసేంత శక్తి వాటిలో ఉంటుంది. ఆ ధైర్యంతో డ్రైవ్ చిన్న రాతలన్నీ పోగుచేసి ఒకేసారి రాస్తుంది, అందువల్ల అరుగుదల కూడా తగ్గుతుంది. ఇంటెల్ ఎస్3500, ఎస్3610, శాంసంగ్ పీఎం863, మైక్రాన్ 5300 లాంటి డేటాసెంటర్ సాటా డ్రైవ్‌లన్నింటిలో ఇది ఉంటుంది. ఇలాంటివి వాడినవి దొరుకుతాయి. వీటికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ దాకా వెళ్లి, కళ్లతో చూసి కొనడం నాకు ఇష్టం. షాపులోనే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రిపోర్ట్ చూపించమని అడగండి. చూపించకపోతే పక్క షాపుకు వెళ్లండి. 90 శాతం జీవం మిగిలిన పాత డేటాసెంటర్ డ్రైవ్, కొత్త చవక డ్రైవ్ కన్నా ఎక్కువ కాలం వస్తుంది.

ఎం.2 సైజులో ఇలాంటి డ్రైవ్ కొంటే పొడవు చూడండి. వాటిలో చాలావాటి పొడవు 110 మిల్లీమీటర్లు. ఇళ్లలో వాడే మినీ పీసీల్లో 80 మిల్లీమీటర్ల దాకానే చోటు ఉంటుంది.

ఇక సైజు. జెడ్‌ఎఫ్‌ఎస్ అద్దం జత (ఒకే డేటా రెండు డ్రైవ్‌లలో ఉండే మిర్రర్) కట్టాలంటే కొత్తది పాతదానితో సమానంగానో పెద్దగానో ఉండాలి. 256 జీబీ పక్కన 240 జీబీ పెడితే ఒప్పుకోదు. నేను 480 జీబీ తీసుకున్నాను. ఖాళీ జాగా ఎక్కువ ఉంటే డ్రైవ్‌కు లోపల సర్దుకోవడానికి వీలవుతుంది, అరుగుదల ఇంకా తగ్గుతుంది.

మొదలుపెట్టే ముందు

ప్రతి వర్చువల్ మెషీన్‌కు, కంటైనర్‌కు పూర్తి బ్యాకప్ తీయండి, అది బూట్ డ్రైవ్ మీద కాకుండా వేరే డిస్క్ మీద ఉండాలి. వాటిలో ఒక్కదాన్నైనా వేరే నంబర్‌తో రిస్టోర్ చేసి తెరిచి చూడండి. నేను చిన్నాన్న ట్యాలీ మెషీన్‌ను అలా రిస్టోర్ చేసి, నెట్‌వర్క్ కార్డు డిస్కనెక్ట్ చేసి, ఆ రోజు ఎంట్రీలు కనపడుతున్నాయో లేదో చూశాను. నెట్‌వర్క్ కార్డు అలా డిస్కనెక్ట్ చేయకపోతే ఒకే ఐపీతో రెండు మెషీన్లు లేచి తికమక అవుతుంది.

తర్వాత హోస్ట్, అంటే ప్రాక్స్‌మాక్స్ సొంత సెట్టింగులు. ఈటీసీ కింద ఉండే పీవీఈ ఫోల్డర్ మొత్తం, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్, ఎఫ్‌స్టాబ్, హోస్ట్స్, గ్రాఫిక్స్ కార్డు పాస్‌త్రూ ఉంటే మాడ్‌ప్రోబ్ ఫోల్డర్, మీరు రాసుకున్న క్రాన్ పనులు, స్క్రిప్టులు. ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోండి. ఆ పీవీఈ ఫోల్డర్ డిస్క్ మీద ఫోల్డర్ రూపంలో ఉండదు. ప్రాక్స్‌మాక్స్ నడుస్తున్నప్పుడు మాత్రమే కనపడుతుంది. పాత డ్రైవ్‌ను పీకి వేరే కంప్యూటర్‌కు తగిలించి చూస్తే అక్కడ ఖాళీగా ఉంటుంది, అన్నీ పోయాయని గుండె జారిపోతుంది. అసలు సమాచారం వార్, లిబ్, పీవీఈ-క్లస్టర్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ డాట్ డీబీ అనే ఫైల్‌లో ఉంటుంది. దాన్ని కూడా కాపీ చేసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి.

సర్వర్‌కు మానిటర్, కీబోర్డు తగిలించండి. కొత్త కార్డు పెట్టగానే నెట్‌వర్క్ పోర్ట్ పేరు మారిపోవచ్చు. ఆ పేరులో పీసీఐ స్లాట్ నంబర్ ఉంటుంది, ఎన్‌వీఎంఈ ఒకటి ఎక్కువైతే నంబర్లు జరుగుతాయి. బ్రిడ్జ్ (సర్వర్‌ను, వర్చువల్ మెషీన్లను నెట్‌వర్క్‌కు కలిపేది) పాత పేరునే వెతుక్కుంటుంది, వెబ్ పేజీ తెరుచుకోదు. యంత్రానికి ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. మానిటర్ ముందు కూర్చుని ఐపీ ఎ అని కొట్టి కొత్త పేరు చూసి, ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో బ్రిడ్జ్ పోర్ట్స్ లైన్‌లో మార్చి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

మార్చడం

సర్వర్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి లోపల చెయ్యి పెట్టండి. ఎన్‌వీఎంఈకి రెండో స్లాట్ లేకపోతే పీసీఐఈ అడాప్టర్ కార్డు దొరుకుతుంది, నేను అదే వాడాను. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి కూడా చేయవచ్చు కానీ కొన్ని డబ్బాలు సెక్టార్ సైజును వేరుగా చూపిస్తాయి, డ్రైవ్‌ను తర్వాత నేరుగా తగిలిస్తే పార్టిషన్లు కనపడవు. అడాప్టర్‌తో ఆ బాధ లేదు.

పెట్టే ముందు కొత్త డ్రైవ్ సీరియల్ నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి. ఆన్ చేశాక ఎన్‌వీఎంఈ 0, ఎన్‌వీఎంఈ 1 అనే పేర్లను నమ్మకండి, రీబూట్‌లో అవి తారుమారు కావచ్చు. డెవ్, డిస్క్, బై-ఐడీ ఫోల్డర్‌లో సీరియల్ నంబర్‌తో సహా ఉండే పేర్లనే వాడండి.

మొదటి కమాండ్ ఎస్‌జీడిస్క్‌తో పార్టిషన్ పట్టికను కాపీ చేయడం. వరుస ఇలా ఉంటుంది: ఎస్‌జీడిస్క్, తర్వాత పాత డిస్క్ పేరు, తర్వాత మైనస్ పెద్ద ఆర్, చివర కొత్త డిస్క్ పేరు. తారుమారైతే కొత్త డ్రైవ్‌లోని ఖాళీ పట్టిక పాతదాని మీద పడుతుంది. ఈ గైడ్ మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన లైన్ ఇదే. కొట్టాక ఎంటర్ నొక్కకుండా, కాగితం మీది సీరియల్ నంబర్ చివరి పేరులో ఉందో లేదో అక్షరం అక్షరం చూడండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో చదివించండి. తర్వాత అదే ఎస్‌జీడిస్క్‌ను మైనస్ పెద్ద జీతో కొత్త డిస్క్ మీద నడిపితే దానికి సొంత గుర్తింపు నంబర్లు వస్తాయి.

ఇప్పుడు కొత్త డ్రైవ్‌లో మూడు పార్టిషన్లు ఉంటాయి. మొదటిది 1 ఎంబీ, రెండోది బూట్‌కు ఉపయోగపడే ఈఎస్‌పీ, మూడోది జెడ్‌ఎఫ్‌ఎస్. కొత్తది పెద్ద డ్రైవ్ అయితే మూడో పార్టిషన్‌ను ఈ దశలోనే తీసేసి, అదే చోట మొదలై డిస్క్ చివరిదాకా వచ్చేలా, బీఎఫ్01 రకంతో మళ్లీ చేయండి. డేటా ఎక్కాక పెంచడం కన్నా ఇప్పుడు సులువు.

తర్వాత జెడ్‌పూల్ అటాచ్, పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఒకటిగా చూసే డ్రైవ్‌ల గుంపు) పేరు ఆర్‌పూల్, పాత డిస్క్ మూడో పార్టిషన్, కొత్త డిస్క్ మూడో పార్టిషన్. పాత పార్టిషన్ పేరును జెడ్‌పూల్ స్టేటస్‌లో ఎలా ఉందో అలాగే రాయండి. అటాచ్ బదులు యాడ్ అని కొట్టకూడదు. అటాచ్ అంటే ఒకే డేటా రెండింటిలోనూ ఉంటుంది. యాడ్ అంటే డేటా రెండింటికీ పంచబడుతుంది, ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది.

ఇక జెడ్‌పూల్ స్టేటస్‌లో రీసిల్వర్, అంటే కొత్త డ్రైవ్‌కు కాపీ నడుస్తూ కనపడుతుంది. ఈలోపు వర్చువల్ మెషీన్లు అన్నీ మామూలుగా నడుస్తూనే ఉంటాయి. మా ఇంట్లో ఇది టీ తాగి వచ్చేలోపు అయిపోయింది, మీకు డేటాను బట్టి ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ ఆన్ అయ్యాక ఆగిన పని కొనసాగుతుంది. చివర 0 ఎర్రర్లతో ముగిసిందని రావాలి. ఎర్రర్లు ఉంటే స్టేటస్‌కు మైనస్ వి కలిపి అడగండి, ఏ ఫైల్ దెబ్బతిందో పేరుతో చెబుతుంది, దాన్ని బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద నాకు ఇంత నమ్మకం ఉండటానికి ఇదే కారణం.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. డేటా వచ్చింది కానీ కొత్త డ్రైవ్‌కు ఇంకా బూట్ అవ్వడం రాదు. ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్‌తో కొత్త డిస్క్ రెండో పార్టిషన్‌ను ఫార్మాట్ చేసి, తర్వాత ఇనిట్ చేయాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇనిట్ చివర గ్రబ్ అనే మాట కూడా రాయాలి. అదే టూల్‌ను స్టేటస్ అడిగితే రెండు ఈఎస్‌పీలు కనపడాలి. 6.4 వెర్షన్ నుంచి పెట్టిన ప్రాక్స్‌మాక్స్‌లన్నింటికీ ఈ పద్ధతి పనికొస్తుంది.

పాతదాన్ని వెంటనే డిటాచ్ చేయకండి. సర్వర్ ఆపి, పాత డ్రైవ్ తీసేసి, కొత్తదాన్ని అడాప్టర్ నుంచి తీసి మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి. బయోస్‌లో బూట్ వరుస ఒకసారి చూసుకోవాల్సి రావచ్చు. అడాప్టర్ తీసేశాం కాబట్టి నెట్‌వర్క్ పేరు మళ్లీ పాతదానికి మారి ఉంటుంది, ఫైల్ మార్చి ఉంటే వెనక్కి మార్చండి. బూట్ అయ్యాక పూల్ డిగ్రేడెడ్ అని చూపిస్తుంది. ఒక డ్రైవ్ కనపడటం లేదని చెబుతోంది, అంతే. ఈ దశలో ఏదైనా తేడా వస్తే పాత డ్రైవ్ చెక్కుచెదరకుండా చేతిలో ఉంది, దాన్ని ఒక్కదాన్నే తిరిగి పెడితే సర్వర్ ఎప్పటిలాగే లేస్తుంది.

అన్నీ నడుస్తున్నాయని, ముఖ్యంగా మీ సర్వర్ వాడేవాళ్లు చెప్పాక, అప్పుడు జెడ్‌పూల్ డిటాచ్‌తో పాత డ్రైవ్ పేరు తీసేయండి. ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ క్లీన్ అంటే పాత ఈఎస్‌పీ గుర్తు కూడా పోతుంది. పెద్ద డ్రైవ్ అయితే ఆటోఎక్స్‌పాండ్ ఆన్ చేసి జెడ్‌పూల్ ఆన్‌లైన్ మైనస్ ఈ ఇస్తే మిగతా జాగా వస్తుంది. చివరగా ఒక స్క్రబ్ (డేటా మొత్తం చదివి సరిచూడటం) నడపండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ కాకపోతే

ప్రాక్స్‌మాక్స్‌ను మామూలుగా ఈఎక్స్‌టీ4, ఎల్‌వీఎంతో పెట్టినవాళ్లకు నా సలహా, క్లోనింగ్ జోలికి పోకండి. ఎల్‌వీఎం థిన్ పూల్‌తో క్లోన్‌జిల్లా సరిగా కుదరదు. కొత్త డ్రైవ్ మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేసి బ్యాకప్‌లు రిస్టోర్ చేయడమే శుభ్రమైన దారి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం డేటా హార్డ్ డిస్కుల సాటా కేబుళ్లు పీకేయండి. ఇన్‌స్టాలర్‌లో తప్పు డిస్క్ ఎంచుకునే అవకాశమే ఉండకూడదు.

మళ్లీ త్వరగా అరగకుండా

ఒకే సర్వర్ ఉండి, క్లస్టర్ లేనివాళ్లు పీవీఈ-హెచ్‌ఏ-ఎల్‌ఆర్‌ఎం, పీవీఈ-హెచ్‌ఏ-సీఆర్‌ఎం అనే రెండు సర్వీసులను ఆపేయవచ్చు. ఒక సర్వర్ పోతే మెషీన్లను ఇంకోదానిలో లేపడానికి అవి ఉన్నాయి, ఇంట్లో వాటికి పని లేదు, రాతలు మాత్రం రాస్తూనే ఉంటాయి. జర్నల్ లాగ్‌లకు సైజు హద్దు పెట్టండి. బూట్ డ్రైవ్ మీద కెమెరా రికార్డింగులు, డౌన్‌లోడ్లు, పెద్ద డేటాబేస్‌లు పెట్టకండి, వాటి చోటు డేటా డిస్కులు. వారం తర్వాత డేటా యూనిట్స్ రిటెన్ చూసి, మొదట రాసి పెట్టుకున్న రోజువారీ అంకెతో పోల్చండి.

వేడి గురించి కూడా చెప్పాలి. నల్గొండ ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు, మేలో మూసిన గదిలో డ్రైవ్ కూడా ఉడుకుతుంది. స్మార్ట్ రిపోర్ట్‌లో ఉష్ణోగ్రత మధ్యాహ్నం పూట చూడండి. 70 డిగ్రీల దగ్గరికి పోతుంటే చిన్న హీట్‌సింక్ పెట్టి, ఫ్యాన్ దుమ్ము దులిపి, డబ్బాను గోడకు జరిపి ఉంటే ముందుకు లాగండి.

పాత డ్రైవ్‌ను ఇంకా బాగానే ఉంది కదా అని ఫొటోల బ్యాకప్‌కు పెట్టి బీరువాలో దాచకండి. మామూలు ఎస్‌ఎస్‌డీ అరుగుదల హద్దు చేరాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటా నిలబెట్టుకోవాలని జెడెక్ (మెమరీ చిప్పులకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం చెబుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు బాగా తగ్గిపోతుంది. వేసవిలో మన బీరువాలు 30 డిగ్రీల దగ్గర ఉండవు. ఆ డ్రైవ్‌ను అదే సర్వర్‌కు మళ్లీ తగిలించాలన్నా ముందు వేరే కంప్యూటర్‌లో తుడిచేయండి. దానిలో ఇంకా పాత ఆర్‌పూల్ గుర్తులు, పాత ఈఎస్‌పీ ఉంటాయి, వాటివల్ల బూట్‌లో తికమక రావచ్చు. ఎవరికైనా ఇచ్చేస్తుంటే ఎన్‌వీఎంఈ ఫార్మాట్ కమాండ్‌లో సెక్యూర్ ఎరేజ్ ఎంచుకుని చెరిపాకే ఇవ్వండి. ఇలా అరిగినవి కొన్ని చదవడానికి మాత్రమే పని చేస్తాయి, చెరపడానికి ఒప్పుకోవు. అలాంటిదైతే అమ్మకండి, ఇవ్వకండి. నల్లటి చిప్పులను ఒక్కొక్కటిగా సుత్తితో పగలగొట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.